తిరిగి వెళ్లినవాళ్లు

పిడుగురాళ్ల,
దసరా వెళ్లిన మర్నాడు.

హనుమయ్యన్నకు, పక్క మంచం అంకారావు నమస్కారాలు.

ఇల్లు చేరాను. నేను బాగున్నాను. నా ఎడమకాలు కూడా బాగుంది. ఇదివరకు మనిషి బాగున్నాడంటే కాళ్లూ చేతులూ అందులోనే కలిసి ఉండేవి. ఇప్పుడు కాలి సంగతి విడిగా రాయాల్సి వస్తోంది చూడండి.

గుంటూరు ఆస్పత్రి నుంచి బయల్దేరేటప్పుడు మీరు, 'ఫోన్ చేస్తుండవయ్యా, మన కాళ్ల సంగతి మాట్లాడుకుందాం' అన్నారు. నాతో అది అయ్యే పని కాదన్నా. క్వారీలో ఏళ్ల తరబడి తూటాలు పేల్చిన చెవులు ఇవి. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి అందుకుంటానుగానీ, ఫోన్లో ఒక్క ముక్క వినపడదు. మెసేజీ పెడదామంటే ఫోను మా అబ్బాయి కోటిబాబుది. వాడు లారీ మీద పోతే ఫోనూ వాడితోనే పోతుంది. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు కొన్నాను. కౌంటర్లో పిల్లాడు నన్ను వింతగా చూశాడు.

డాక్టరమ్మ ఝాన్సీలక్ష్మి గారు మనిద్దరికీ కలిపి చెప్పిన మాటలు మర్చిపోలేదు. మూసుకుపోయిన రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచి స్టెంటు పెట్టాం, తెరిచింది మళ్లీ మూసుకుపోవచ్చు, బిళ్లలు ఒక్కపూట మానొద్దు, బీడీ ముట్టొద్దు, రోజూ పాదం పట్టుకుని చూసుకోండి అని. వెచ్చగా ఉంటే రక్తం పారుతున్నట్టు. చల్లబడినా, రంగు మారినా, పుండు పడినా ఆ పూటే రావాలి.

సాయంత్రం పని నుంచి వచ్చి మంచం మీద కూర్చోగానే మా సుబ్బులమ్మ నా పాదం పట్టుకుని చూసి, 'వెచ్చగా ఉందయ్యా' అంటుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నా కాళ్లు పట్టుకోని మనిషి ఇప్పుడు రోజూ పట్టుకుంటోంది. నాకు చానా గొప్పగా ఉంది.

సున్నపు బట్టీలో మళ్లీ పనికి కుదురుకున్నాను. బరువు పనేం కాదు, లారీలకు లోడు చూసుకోవడమే. బట్టీ గోడ పక్కన నాకో కుర్చీ వేశారు. ఆ ఇటుక గోడ రాత్రీ పగలూ వెచ్చగా ఉంటుంది. కాలు ఆనిస్తే హాయిగా ఉంటుంది.

మీ కుడికాలు ఎట్లా ఉందో రాయండి.

మీ తమ్ముడు
అంకారావు

*

ఎడ్లపాడు,
దీపావళి వెళ్లాక.

తమ్ముడు అంకారావుకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో పెద్ద గాభరా. ఈ రోజుల్లో ఇంటికి కవరు వచ్చిందంటే కోర్టు నోటీసే అనుకుంటారు. మా కోడలు భావన, అదే, ఆస్పత్రిలో నా దిండు కింద చుట్టలు వెతికి పారేసిన మహాతల్లి, భయపడుతూ తెచ్చి ఇచ్చింది. విప్పి చూస్తే నువ్వు. మా అబ్బాయి వెంకటకృష్ణ కూడా నవ్వాడు. మా వాడు నవ్వడం అరుదు.

నా కాలు దివ్యంగా ఉంది. పొద్దున్నే మిరపచేలోకి పోయి గట్టు చుట్టూ తిరిగొస్తున్నాను. పోయినేడు నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసి, ఎవరో పిలిచినట్టు నటిస్తూ ఆగిపోయేవాణ్ణి. ఇప్పుడు ఎవరన్నా నిజంగా పిలిచినా ఆగడం లేదు.

ఒక చెడ్డ కబురు. మన వార్డులో గేటు పక్క మంచం లారీ డ్రైవర్ కాలేషా గుర్తున్నాడుగా, అందరికీ టీ చెప్పేవాడు. అతను మళ్లీ ఆస్పత్రిలో చేరాడట. మోకాలి పైదాకా తీసేశారట. బిళ్లలు మానేశాడని, కాలు నల్లబడ్డా ట్రిప్పులు తిరిగాడని వాళ్లన్న చెప్పాడు. నీకెందుకు రాస్తున్నానంటే, నువ్వూ మొండివాడివే. అతనికి పట్టిన గతి చూసైనా ఒళ్లు దగ్గర పెట్టుకుంటావని. ఆ బట్టీ దుమ్ములో చెప్పుల్లేకుండా తిరక్కు.

సుబ్బులమ్మకు నా ఆశీస్సులు.

హనుమయ్య

*

పిడుగురాళ్ల,
కార్తీకం చివర.

హనుమయ్యన్నకు,

కాలేషా కబురు చదివాక అన్నం సయించలేదు. ఎంత నవ్వించేవాడన్నా! కాలుకు సూది పొడుస్తుంటే 'కొంచెం బ్రేకు కొట్టండి మేడం' అనేవాడు.

మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. పనిలో కూర్చుని ఆలోచించాను కూడా. మనం ఉన్నప్పుడు ఆ వార్డులోకి రెండోసారి వచ్చినవాళ్లను ఒక్కొక్కళ్లనే గుర్తు చేసుకున్నాను. చిలకలూరిపేట జిన్నింగు మిల్లాయన తిరిగొచ్చాడు, కాలు తీశారు. మూల మంచం అలివేలమ్మ తిరిగొచ్చింది, తీశారు. ఇప్పుడు కాలేషా. మొదటిసారి పోయినవాళ్లం మనిద్దరం కాళ్లతో నడిచి వచ్చాం. రెండోసారి పోయినవాడు ఒక్కడన్నా నడిచి బయటికి వచ్చాడా? మీరే చెప్పండి. బిళ్లలు, దుమ్ము, అవన్నీ వాళ్లు చెప్పే మాటలు. రెండోసారి గడప తొక్కితే కత్తే.

ఒకటి మాత్రం తేల్చుకున్నా. ఆ గేటు లోపలికి మళ్లీ పోను. కాలు లేకుండా ఈ బట్టీలో నాకు పనిచ్చేది ఎవరు? చెవులు పోయినప్పుడే ఈ బట్టీవాళ్లు తప్ప ఎవరూ ఇవ్వలేదు.

భయపడకండి, నా కాలు బాగానే ఉంది. సుబ్బులమ్మ రోజూ సాయంత్రం చూసి వెచ్చగా ఉందనే అంటోంది. తెల్లవారుజామున కాస్త రాయిలా ఉంటుంది, చలికాలం ఎవరికైనా అంతేగా. చిటికెన వేలు దగ్గర చెప్పు ఒరుసుకుని చిన్న పుండు పడింది. పసుపు పెట్టాను.

అంకారావు

*

ఎడ్లపాడు,
నవంబరు ఆఖరు.

ఒరేయ్ అంకారావూ,

ఈసారి తమ్ముడూ లేదు, గిమ్ముడూ లేదు. నీ ఉత్తరం చదివి నాకు చెమట పట్టింది.

నువ్వు లెక్కపెట్టిన ముగ్గురూ కాలు పోయే దశలో తిరిగి వెళ్లినవాళ్లు. తిరిగి వెళ్లినందుకు వాళ్ల కాళ్లు పోలేదురా, ఆలస్యంగా వెళ్లినందుకు పోయాయి. మొదట్లోనే పోయి, మళ్లీ బెలూన్ పెట్టించుకుని ఇంటికి పోయినవాళ్లు నీకెట్లా గుర్తుంటారు? వాళ్లు రెండు రోజులుండి వెళ్లిపోతారు. నెల తరబడి మంచంలో మూలిగేవాళ్లే మన కళ్లకు కనపడతారు.

ఇంకో సంగతి. సుబ్బులమ్మ నీ కాలు చూసేది ఎప్పుడు? బట్టీ నుంచి రాగానే. పగలంతా ఆ కాలు దేనికి ఆనించి కూర్చుంటున్నావు? కాలుతున్న ఇటుక గోడకి! కట్టెను ఆనించినా సాయంత్రానికి వెచ్చగానే ఉంటుంది. పొద్దున లేవగానే, బట్టీకి పోకముందు, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడమను. ఒకటి వెచ్చగా ఒకటి రాయిలా ఉంటే అది చలికాలం కాదు. చలి రెండు కాళ్లకీ పెడుతుంది.

పుండు పడింది, పసుపు పెట్టానంటావా? మేడం చెప్పిన మూడు గుర్తుల్లో రెండు నీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఇది అందిన రోజే బయల్దేరు. మా వెంకటకృష్ణ కారు ఉంది, పంపమంటే పంపుతాను. కాలూ, ప్రాణమూ వేరు వేరు అనుకోకు. పుండు కుళ్లి విషం పైకి పాకితే మనిషే ఉండడు.

జవాబు వద్దు. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావని కబురు పంపు చాలు.

హనుమయ్య

*

పిడుగురాళ్ల,
డిసెంబరు, సోమవారం.

హనుమయ్య బావగారికి, అంకారావు గారి భార్య సుబ్బులమ్మ నమస్కరించి రాయునది.

నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. తప్పులుంటే ఏమనుకోకండి. ఆయనకు తెలియకుండా రాస్తున్నాను.

మీరు రాసిన ఉత్తరం ఆయన నాకు చూపించలేదు. చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చొక్కా ఉతకబోతే దొరికింది. ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచి ఇంటికి రావడం మానేశాడు. రాత్రి లోడింగు ఉంది, బట్టీ దగ్గరే పడుకుంటానని కోటిబాబుతో చెప్పి పంపాడు. మీ ఉత్తరం చదివాక ఎందుకు రావడం లేదో నాకు అర్థమైంది. పొద్దున్నే నేను కాలు పట్టుకుంటానని.

నిన్న తెల్లవారకముందే టీ తీసుకుని వెళ్లాను. ఆయన చాప మీద పడుకుని, కాలు గోడకు ఆనించి నిద్రపోతున్నాడు. మడమ మీద చర్మం కాలి పెద్ద పొక్కు లేచి ఉంది. కాలిన సంగతి ఆయనకు తెలియలేదు బావగారూ. హాయిగా నిద్రపోతున్నాడు. ఆ కాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. నేను చూస్తుండగానే చల్లబడిపోయింది. ఇన్నాళ్లూ రోజూ సాయంత్రం వెచ్చగా ఉందని చెప్పిన నోటిని నేనే కొట్టుకోవాలి. చిటికెన వేలు నల్లగా అయింది. పక్క వేలు కూడా రంగు తిరుగుతోంది.

లేపి, 'ఏందయ్యా ఇది, పద గుంటూరు పోదాం' అన్నాను. ఏడ్చాను కూడా. ఆయన నా పెదాల వంక చూడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. మాట వినకూడదనుకుంటే ఆయన చేసేది అదే. తర్వాత ఒక్కటే అన్నాడు, 'తిరిగిపోయినోడు ఒక్కణ్ణి కాలుతో చూపించు, వస్తా' అని.

నేనెవర్ని చూపించను? ఆయన మాట వినేది మీ ఒక్కరిదే. ఏదన్నా చెయ్యండి.

సుబ్బులమ్మ

*

ఎడ్లపాడు,
శుక్రవారం.

అమ్మా సుబ్బులమ్మా,

ఈ కాగితం వెంకటకృష్ణ నీ చేతిలోనే పెడతాడు. అంకారావు లేని చోట చదివి పొయ్యిలో వెయ్యి.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. అంకారావును తిడుతూ ఉత్తరం రాసిన వారానికి, పొద్దున్నే చేలో ఉండగా నా కుడికాలు ఉన్నట్టుండి బిగిసిపోయింది. పాదం తెల్లగా పాలిపోయింది. ఆ పూటే గుంటూరు వెళ్లాం. ఒక్క బిళ్ల మానలేదు, చుట్ట ముట్టలేదు, గంట ఆలస్యం చెయ్యలేదు. మేడం రెండుసార్లు ప్రయత్నించింది. కింద సన్నటి నాళాలన్నీ పూడుకుపోయాయి, తెరిచిన దారి నిలబడలేదంది. మోకాలి కింద దాకా తీసేశారమ్మా. మొన్ననే ఇంటికి తెచ్చారు. ఇది మంచం మీద దిండుకు ఆనుకుని రాస్తున్నాను.

చేయాల్సిందంతా చేసినా ఒక్కోసారి ఇంతేనట. మేడం తలుపు దగ్గర నిలబడి ఆ మాట చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు.

నా బాధ వేరు. ఈ సంగతి అంకారావుకు తెలిస్తే చచ్చినా కదలడు. వాడి లెక్కలో నాలుగోవాణ్ణి నేనే అవుతాను. కానీ వాడికి ఇంకా దారి ఉండొచ్చు. అందరికీ నాలాగే అవుతుందని లేదు, ఈ మాట కూడా మేడమే అంది. తిరిగి వెళ్లి కాలుతో వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమన్నాడుగా, చూపిస్తున్నాను. దీంతో పాటు వాడికో ఉత్తరం పంపుతున్నాను. అందులో ఉన్నదంతా అబద్ధం. నువ్వు దాన్ని నిజం చెయ్యాలి. వాడి ముందు కంట తడి పెట్టకు. మా వాడితోనూ చెప్పాను, అంకారావు ఏం అడిగినా నవ్వమని. మా వాడికి అది కష్టమే.

కారు వాకిట్లో ఉంచి వాణ్ణి ఎక్కించు.

హనుమయ్య

*

ఎడ్లపాడు,
శుక్రవారం.

తమ్ముడు అంకారావుకు,

నీ అన్న గొప్పతనం విను. నాకూ కాలు చల్లబడింది. చేలో ఉండగా పట్టేసింది. భయం లేదని చెప్పనుగానీ, కారెక్కి ఆ పూటే మేడం దగ్గరికి పోయాను. 'వచ్చారా, మంచి పని చేశారు' అంది. మళ్లీ బెలూన్ పెట్టింది. రెండు రాత్రులు ఉంచుకుని పంపించేసింది. బెడ్డు కూడా మన పాత బెడ్డే. క్యాంటీన్ ఇడ్లీ ఇప్పటికీ రాయే.

ఇప్పుడు నా రెండు కాళ్ల మీద నేను వాకిట్లో నిలబడి ఇది రాయిస్తున్నానంటే నువ్వు నమ్మవు. అందుకే నా చేత్తోనే రాస్తున్నాను, దస్తూరి చూసుకో. కూర్చునే రాస్తున్నాననుకో. నిలబడి రాస్తే అక్షరాలు నీ అక్షరాల్లా ఉంటాయి.

తిరిగి వెళ్లి కాలుతో వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమన్నావట. ఇదిగో నేను. ఇప్పుడు మాట మీద నిలబడు. కారు పంపాను. ఎక్కు.

నువ్వు రాకపోతే ఈ రెండు కాళ్లతో నేనే పిడుగురాళ్ల వచ్చి నిన్ను తంతాను.

హనుమయ్య

*

గుంటూరు, ఆస్పత్రి నుంచి,
జనవరి మొదటి వారం.

హనుమయ్యన్నకు,

కారెక్కాను. ఎక్కాను కాబట్టే ఇది రాస్తున్నాను.

రెండు వేళ్లు తీసేశారు. చిటికెన వేలూ, పక్క వేలూ. మడమకు రోజూ కట్టు మారుస్తున్నారు. నాళం మళ్లీ తెరిచారు. మేడం నా ఎదురుగా కుర్చీ వేసుకుని, పెదాలు కదిపి నిదానంగా చెప్పింది. పాదంలోకి రక్తం దిగింది, పుండు మానితే కాలు ఉంటుంది, ఇది కూడా మూసుకుపోవచ్చు, ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను అని. ఇంకో వారం ఆలస్యంగా వచ్చి ఉంటే కాలు మాట అటుంచి మనిషినే చూసేవాళ్లం కాదంది.

మీ సంగతి నాకు తెలిసిందన్నా. ఊడ్చే ఆయమ్మ నన్ను గుర్తుపట్టి, మీ పాత మంచం చూపించి, తన మోకాలి కింద చేత్తో అడ్డంగా కోస్తున్నట్టు చూపించింది. నాకు చెవులతో పని లేకపోయింది. ఒళ్లు మండిపోయింది. సుబ్బులమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను. నన్ను ఇంత మోసం చేస్తారా అనుకున్నాను. తర్వాత దుప్పటి కప్పుకుని ఏడ్చాను. మీరు కాలు పోయి మంచం మీద పడుకుని, ఇడ్లీ రాయిలా ఉందని నాకు రాశారు. మా అమ్మ తర్వాత నా కోసం అంత అబద్ధం ఆడినవాళ్లు లేరు. మీరు నిజం రాసి ఉంటే నేను ఈపాటికి బట్టీ గోడ పక్కనే పోయేవాణ్ణి.

ఇవాళ వెంకటకృష్ణ నన్ను చూడ్డానికి వచ్చాడు. సుబ్బులమ్మతో బయట మాట్లాడాడు. ఆమె లోపలికి వచ్చి నాకు చెప్పింది. మీకు మిగిలిన ఎడమకాలి సంగతి. మంచం మీద పడుకోలేక కుర్చీలో కూర్చుని కాలు కిందికి వేలాడేసుకుంటున్నారట. వేలాడేస్తే ఎర్రగా, పైకెత్తితే తెల్లగా అవుతోందట. భావన అడిగితే తిమ్మిరి అన్నారట. నాకు తిమ్మిరి అని చెప్పకండన్నా. ఆ నొప్పి నేను పడ్డాను. కాలు వేలాడేస్తే కాస్త తగ్గుతుంది. అది రక్తం అందక పెట్టే కేక.

మీరు ఎందుకు కదలడం లేదో నాకు తెలుసు. ఆ లెక్క నేను వేసిందే. నాది విని తెలుసుకున్న లెక్క. మీది ఒంటి మీద పడింది. అందుకే మిమ్మల్ని ఒరేయ్ అనను, తిట్టను.

మీకు చెప్పడానికి నా దగ్గర అబద్ధం కూడా లేదు. ఇక్కడికి వస్తే కాలు ఉంటుందని నేను రాయలేను. నాది ఉంటుందో లేదో నాకే తెలియదు. రాకపోతే మాత్రం పోతుంది, కాలుతో ఆగదు కూడా. మీరు నాకు రాసిన మాటే. మేడంతో చెప్పాను, తీసుకురమ్మంది. నా పక్క మంచం ఖాళీగా ఉంది. సుబ్బులమ్మ వచ్చినవాళ్లందరితో, అది మా బావగారిది అని చెప్పి పంపిస్తోంది.

ఇది వెంకటకృష్ణ చేతే పంపుతున్నాను. రేపు పొద్దున కారు సిద్ధంగా ఉంటుందన్నాడు. రండన్నా. మీరు లేకపోతే నేను ఎవరికి రాయను?

మీ తమ్ముడు
అంకారావు

*

ఎడ్లపాడు,
పొద్దున.

తమ్ముడు అంకారావుకు,

నీ ఉత్తరం రాత్రి చదివాను. నీ కాలు ఉన్నందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో రాయలేను. రెండు వేళ్లదేముంది, ఎవరూ లెక్కపెట్టరు. ఆ గోడ దగ్గరికి ఇక పోకు. బిళ్లలు మానకు.

భావన సంచి సర్దింది. ఉతికిన పంచె, చొక్కా ఇచ్చింది, తొడుక్కున్నాను. వెంకటకృష్ణ కారు అరుగు దాకా తెచ్చి తలుపు తీసి నిలబడ్డాడు. నన్ను ఎత్తి కూర్చోబెట్టడానికి పక్కింటి కార్తీక్ కూడా వచ్చాడు. అందరూ నా మొహం వంకే చూస్తున్నారు. రెండు నిమిషాలు ఆగమని కాగితం అడిగాను.

నువ్వు రాసిన ప్రతి మాటా నిజమే. అవన్నీ నేను నీకు చెప్పినవే. చెప్పినప్పుడు నాకు రెండు కాళ్లున్నాయి. పోయినసారి ఇదే కారులో, ఇదే పంచె కట్టుకుని, మేడం మీద నమ్మకంతో వెళ్లాను. తెలివి వచ్చి దుప్పటి కింద చెయ్యి పెట్టి తడుముకున్నాను. ఆ చెయ్యి ఇంకా మర్చిపోలేదు. ఈ కాలూ పోతే నేను దేని మీద నిలబడాలి? నాకు చాలా భయంగా ఉంది అంకారావూ. నా జన్మలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. మా వాడి ముందు అనలేను, అందుకే రాస్తున్నాను.

వెళ్లాలనే ఉంది. అరుగు దిగాలనే ఉంది.

ఈ కాగితం మడిచి వెంకటకృష్ణ జేబులో పెడుతున్నాను. నేను కారెక్కితే దారిలో అడిగి తీసుకుని చింపేస్తాను. ఎక్కకపోతే నీకు ఇస్తాడు.

హనుమయ్య